మొదటి గుక్క

పోయిన మాఘంలో మా బాపుకు సర్ది జ్వరం వచ్చి నాలుగు రోజులకు తగ్గింది. పోతూ పోతూ ఆ జ్వరం ఆయన వాసననూ రుచినీ వెంట తీసుకుపోయింది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. నాకు తెలిసేసరికి శివరాత్రి దాటి పద్దెనిమిది రోజులైంది. తాటిచెట్లు అప్పటికే మంచి పారకం మీద ఉన్నాయి, కల్లు బాగా దిగుతోంది.

మాది మెట్‌పల్లికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. మా దగ్గర తాటిచెట్టును తాడు అంటారు. కాలువ గట్టు పక్కన, తాళ్ల నీడలో జనం కూర్చుని కల్లు తాగే చోటు మండువ. మేము నాన్నను బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం. బాపు పేరు కైలాసం. ముప్పై ఏళ్లుగా అక్కడే కల్లు గీస్తున్నాడు. ఆయన కల్లుకుండలో, మా మాటలో లొట్టిలో, కల్లు తప్ప ఇంకొకటి ఉండదని చుట్టూ పది ఊళ్లకు పేరు. మత్తుమందు కలిపిన కల్లు తాగి మనుషులు సోయి తప్పే కాలంలో ఆ పేరు చిన్నది కాదు. మా ఇంట్లో అంతకంటే విలువైన వస్తువు లేదు.

ఆ పేరు నిలబడింది ఒక్క పద్ధతి మీద. పొద్దున లొట్టి దించగానే బాపు గీతవాళ్ల దేవుడు కాటమయ్య పేరు చెప్పి నాలుగు చుక్కలు నేల మీద వదులుతాడు. తర్వాత తాటాకును దోసిలిలాగా మడిచి, అందరూ చూస్తుండగా, మొదటి గుక్క తానే తాగుతాడు. ఒక్క క్షణం కళ్లు మూసుకుంటాడు. "కూసోండ్రి" అంటాడు. అప్పుడు జనం ఆకులు చాపుతారు. గీసినవాడు తాగకుండా పోసిన కల్లును మా మండువలో ఎవరూ ముట్టరు.

నేను డిగ్రీ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. పొద్దునపూట అవ్వ ఉడికించిన శనగల గుడాలు గంపలో పెట్టుకుని మండువకు తీసుకుపోవడం, లొట్టులు కడిగి, పాత పులుపు పోయేలా వరిగడ్డి పొగ పట్టించడం నా పని. మండువలో నేను మాట్లాడేది తక్కువ. బళ్లో కూడా అంతే. మా హైస్కూలు తెలుగు సారు శ్యాంసుందర్ ఒకసారి క్లాసులో నన్ను నిలబెట్టి, "వినోదా, నీకు దేవుడు నోరు అన్నం తినేటందుకే ఇచ్చిండా?" అని అడిగాడు. దానికి కూడా నేను జవాబు చెప్పలేదు.

ఆ సారే ఇప్పుడు రిటైరై రోజూ మండువకు వస్తాడు. ఆయనకు కల్లంటే మత్తు కాదు, ముచ్చట. ఏ చెట్టుది, ఎన్ని గంటలకు దించింది, కత్తి ఎప్పుడు మార్చారు, అన్నీ కావాలి. ఆయన ఫోనులో 'కల్లు దోస్తులు' అని ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. కరీంనగర్ నుంచి బెల్లంపల్లి దాకా మనుషులు అందులో ఉన్నారు. ఏ ఊరి మండువలో ఏ చెట్టు బాగుందో ఒకరికొకరు చెప్పుకుంటారు. పోయిన ఏడు సారు మా పిడుగు తాడు ఫోటో పెట్టాడు. పిడుగు పడి ఒక పక్క నల్లగా కాలిపోయినా ఆ చెట్టు చావలేదు. దాని కల్లు మొదట తీయగా ఉండి, మింగాక నాలుక అంచుల మీద రేగుపండులా పట్టుకుంటుంది. ఫోటో కింద నలభై మంది దండాలు పెట్టారట.

సారుకు జోడీ సామ్యూల్. శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. ఎండాకాలం మెట్‌పల్లిలో కూతురు దగ్గర ఉంటాడు. ఆయనది కాలువ ఒడ్డున ఉండే కాలువ తాడు పార్టీ.

"పిడుగు తాడు పండుగ నాటి కల్లు సార్," అనేవాడు సామ్యూల్. "రోజూ తాగేటిది కాదు. పొద్దుగాల ఏడింటికి కాలువ తాడు ఒక్క ఆకు తాగి సూడు. ముంజకాయల నీళ్ల లెక్క సల్లగ దిగుతది. పక్కన గుడాలు. అంతకంటె ఏం గావాలె మనిషికి?"

"బొగ్గు తిన్న నాలుక నీది. దానికి సల్లగుంటే సాలు," అనేవాడు సారు.

"బొగ్గు తిన్న నాలుక్కే నీళ్ల విలువ తెలుస్తది. నువ్వు చాక్‌పీసు తిన్నవు, నీకేం ఎర్క?"

ఇంతలో కూతురి నుంచి సామ్యూల్‌కు ఫోను వచ్చేది. ఆయన ఆకు కింద పెట్టి, గొంతు సవరించుకుని, "ఆ రిబ్కమ్మా, డాక్టరు దగ్గర్నే ఉన్న. కండ్లల్ల సుక్కలేసిండు, జర సేపు మూసుకోమన్నడు," అనేవాడు. ఫోను పెట్టేయగానే మండువంతా నవ్వు.

"నెల రోజుల సంది సుక్కలే. ఎన్ని కండ్లు అన్నా నీకు?" అని బాపు అడిగేవాడు.

వీళ్లిద్దరికంటే పెద్ద నాలుక యాదవ్వది. డెబ్బై దాటిన మనిషి. ఆకులో తాగదు. కొంగున కట్టుకుని తన స్టీలు గ్లాసు తానే తెచ్చుకుంటుంది. మా తాతయ్య గీసిన కాలం నుంచీ తాగుతున్నది. బాగుంటే ఏమీ అనదు, గ్లాసు మళ్లీ చాపుతుంది. మండువలో దాన్ని మించిన మెప్పు లేదు.

*

బాపులో ఏదో మారిందని నేను ముందు లొట్టుల దగ్గర చూశాను. ఎప్పుడూ ఆయన ఖాళీ లొట్టి మూతి దగ్గర ముక్కు పెట్టి, పొగ సరిగ్గా పట్టిందో లేదో చూశాకే చెట్టు మీదికి తీసుకుపోతాడు. ఈ ఏడు చూడడం లేదు. దించిన లొట్టిని మాత్రం ముక్కు దగ్గరికి కాకుండా చెవి దగ్గరికి తీసుకుపోతున్నాడు. లోపల నురగ చిటపటమనే చప్పుడు వింటున్నాడు. ముసలితనం వస్తే కొత్త అలవాట్లు వస్తాయేమో అనుకున్నాను.

పద్దెనిమిదో రోజు పొద్దున యాదవ్వ గ్లాసు చాపింది. బాపు మొదటి గుక్క తాగాడు, కళ్లు మూశాడు, "కూసోండ్రి" అన్నాడు, పిడుగు తాడుది పోశాడు. యాదవ్వ ఒక్క గుక్క నోట్లో పెట్టుకుని మింగకుండా పక్కకు ఉమ్మింది.

"ఏందిరా కైలాసం ఇది?"

"పిడుగు తాడుదే అత్తా."

"పిడుగు తాడుది నాకు ఎర్క లేదా? నీ అయ్య పోసినప్పటి సంది తాగుతున్న. గిది కల్లా?"

"పొద్దుగాల్నే దించిన అత్తా. నేను తాగి పోసిన గదా, నీ ముంగట్నే."

"అదే అడుగుతున్న. తాగినవు గదా. తాగి గిది ఎట్ల పోసినవు?"

యాదవ్వ గ్లాసులోది నేల మీద పారబోసి, గ్లాసు బోర్లించింది. తర్వాత గ్లాసు కొంగున కట్టుకుని లేచి పోయింది. మండువలో గ్లాసు బోర్లించడమంటే మొహం మీద ఉమ్మినట్టే. బయటి ఊరి నుంచి మొదటిసారి వచ్చిన ఇద్దరు ఒకరినొకరు చూసుకున్నారు. "మందా?" అని ఒకాయన గొంతు తగ్గించి అడిగాడు. తగ్గించినా అందరికీ వినపడింది.

"ఛ, కైలాసం అసొంటోడు కాదు," అన్నాడు సారు. కానీ తన ఆకులోది తాగకుండా పక్కన పెట్టాడు.

నేను లొట్టి తీసుకుని కాలువ దగ్గరికి పోయి వాసన చూశాను. అడుగున నిన్నటి మడ్డి పులిసిన కంపు. అంతకు ముందు రోజు నేను పొగ పట్టించకముందే, కడగని లొట్టిని బాపు తీసుకుపోయాడు. మా ఇంట్లో పదేళ్ల పిల్ల కూడా ఆ పొరపాటు చేయదు.

ఆ మధ్యాహ్నం అవ్వ పొయ్యి మీద పప్పు మరిచిపోయి పక్కింటికి పోయింది. నేను ఊరిలోంచి తిరిగి వచ్చేసరికి మాడు కంపు వాకిలి దాకా ఉంది. బాపు పొయ్యి పక్కనే కూర్చుని చెట్టెక్కే మోకు పేనుకుంటున్నాడు. అవ్వ వచ్చి తల పట్టుకుంది. ఇంకోటి వండే టైము లేక, పైపైది తీసి అదే పెట్టింది. బాపు రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

"మంచిగున్నదా?" అని అవ్వ అనుమానంగా అడిగింది.

"మంచిగున్నది," అన్నాడు బాపు.

ముప్పై ఏళ్ల కాపురంలో బాపు ఆ మాట ఎప్పుడూ అనలేదట. అవ్వకు కోపం రావాలో సంతోషం రావాలో తెలియలేదు. నేను కంచం ముందు నుంచి లేచి బయటికి పోయాను.

*

మర్నాడు తెల్లవారకముందే బాపు వెంట తాళ్ల దగ్గరికి పోయాను. ఆయన నడుముకు కత్తి కట్టుకుంటుంటే రెండు ఖాళీ లొట్టులు ఆయన ముందు పెట్టాను. ఒకటి పొగ పట్టించింది, ఒకటి కడగనిది.

"ఏది తీస్కపోతవు బాపు?"

ఆయన రెండింటినీ చూశాడు. ఒకదాన్ని ఎత్తి మూతి దగ్గర ముక్కు పెట్టాడు. దింపాడు. రెండోదాన్ని ఎత్తాడు. దింపాడు. తర్వాత నా మొహం చూశాడు.

"ఎప్పటి సంది?" అని అడిగాను.

"జ్వరం పోయినప్పటి సంది. కల్లు తాగినా, నీళ్లు తాగినా ఒక్కటే లెక్కున్నది బిడ్డా. ఉప్పు పెట్టినా తెలుస్తలేదు."

"దవాఖానకు పోయినవా?"

"కోరుట్ల పోయిన. కొందరికి నెలకొస్తదట, కొందరికి ఏడాదికి. కొందరికి రాదట." ఆయన గట్టు మీద కూర్చున్నాడు. "మోకు నా చెయ్యి మర్వలే. కత్తి మర్వలే. కండ్లు మూసుకొని ఎక్కి దిగుత. ఒక్క ముక్కే ఇడిసిపెట్టింది. అవ్వకు చెప్పకు. చెప్తే మాపటి వరకు ఊరంతా ఎర్కైతది. గీసినోనికి కల్లు రుచి తెల్వదంటే ఎవడు తాగుతడు చెప్పు? మందు కలిపిండన్నా నయమే, అది అబద్ధమని కొట్లాడొచ్చు."

కడగని లొట్టి తీసుకుని కాలువలోకి దిగి ఇసుకతో తోమాను. గడ్డి అంటించి పొగ పట్టించి, వాసన చూసి ఇచ్చాను.

"ఇది కట్టు," అన్నాను.

ఆ రోజు నుంచి లొట్టులన్నీ ముందు నా ముక్కు కిందికి వచ్చాయి. బాపు దించగానే, జనం రాకముందే, నేను ఒక్కో దాంట్లోంచి కొంచెం ఆకులో పోసుకుని చూసేదాన్ని. మింగడం తక్కువ, నోట్లో తిప్పుకోవడం ఎక్కువ. తర్వాత వరుసలో పెట్టేదాన్ని. కుడి పక్క మొదటిది ముందు పోయాల్సింది. ఎడమ పక్కది ఎండ ఎక్కాక పోయాల్సింది. మూతి మీద తాటాకు కప్పితే పోయకూడనిది. బాపు ఎప్పటిలాగే అందరి ముందు మొదటి గుక్క తాగేవాడు, కళ్లు మూసుకునేవాడు. ముప్పై ఏళ్లు నిజంగా చేసిన పనిని ఇప్పుడు నటించి చూపిస్తున్నాడు.

చిన్నప్పటి నుంచీ ఈ కల్లు రుచి నాకు తెలుసు. అయితే పట్టి చూడడం ఆ నెల్లోనే నేర్చుకున్నాను. నా పాత బాటనీ రికార్డు బుక్కులో ఖాళీ పేజీలు ఉంటే వాటిలో రాసుకున్నాను. దర్గా పక్కన ఉండే దర్గా తాడుకు పచ్చి మక్క కంకి పాల తీపి. వంకర తాడు గొంతులో గరుకుగా దిగి ముక్కుకు ఎక్కుతుంది, బోటికూర తినేవాళ్లకు అదే నచ్చుతుంది. జంట తాళ్లవి రెండూ కలిపి పోస్తేనే రుచి. మబ్బు పట్టిన రోజు కాలువ తాడు త్వరగా పులుస్తుంది. కత్తి కొత్తగా నూరిన రోజు అన్నింట్లోనూ తీపి ఒక మెట్టు ఎక్కువ.

పది రోజులు తిరిగేసరికి మండువలో మాట మారింది.

"కైలాసం, ఈయేడు ఏం జేసినవే?" అన్నాడు శ్యాంసుందర్ సారు. "ఏ ఆకు ఎప్పుడు పొయ్యాల్నో గడియారం పెట్టుకొని పోస్తున్నట్టున్నది."

"ముప్పై ఏండ్ల చెయ్యి సార్ అది," అన్నాడు సామ్యూల్. "ఇప్పుడు తిరిగింది."

బాపు తల దించుకుని లొట్టి వంచాడు. నేను గుడాల గంప మీద గుడ్డ సర్దాను. నాకు సంతోషంగా ఉంది. కొంచెం ఇంకో రకంగా కూడా ఉంది. దానికి పేరు పెట్టలేదు.

యాదవ్వ మాత్రం రాలేదు. కాలువ అవతలి మండువకు పోతున్నదని అవ్వ చెప్పింది. ఆమెను చూసి ఇంకో నలుగురు పోయారు. ఎందుకు పోతున్నావని ఎవరడిగినా ఆమె చెప్పేది ఒక్కటే మాట: "నేనేమనలేదు. గ్లాసు బోర్లించిన, గంతే."

*

ఈస్టర్ అయిన తర్వాతి ఆదివారం 'కల్లు దోస్తులు' మా మండువకు వస్తారని సారు చెప్పాడు. పద్నాలుగు మంది. బాపు మొహం వెలిగింది. వెంటనే సారు ఇంకో మాట అన్నాడు.

"వాళ్లొక ఆట ఆడుతరు కైలాసం. గుర్తుపట్టుడు. వాళ్ల పెద్దమనిషి పరశురాములు ఒక ఆకులో కల్లు తెస్తడు, ఏ చెట్టుదో చెప్పాలె. ముందు గీసినాయనే చెప్పాలె. నీకేం ఫికర్, నీ చెట్లేనాయె. ఆ మందు ముచ్చట గూడ గ్రూపుల ఒకడు లేపిండు. నువ్వు టకటక చెప్పినవనుకో, అందరి నోర్లు మూతపడ్తయి."

బాపు నవ్వాడు. ఆ నవ్వు ఉత్తదని నాకు ఒక్కదానికే తెలుసు.

శనివారం పొద్దుగూకేవేళ ఆయన నన్ను వాకిట్లో కూర్చోబెట్టి చెయ్యి చాపాడు. "గ్రూపోళ్లకు పోసేటియి ఐదు రకాలు, నీ చేతికి ఐదు వేళ్లు. బొటనేలు పిడుగు తాడు. సూపుడేలు కాలువ తాడు. నడిమేలు దర్గా. ఉంగరమేలు వంకర. చిటికెనేలు జంట. నేనొక గుక్క తాగి ఆకు నీ చేతికిస్త. నువ్వు జర రుచి చూసి, చున్నీ కొంగు మీద ఏలు పెట్టు. గంతే."

"బాపు, గిది..."

"గీ ఒక్క ఐతారం బిడ్డా."

నేను ఐదు వేళ్లూ ఒకసారి మడిచి తెరిచి చూపించాను.

ఆదివారం రెండు కార్లు, ఐదు బండ్లు వచ్చాయి. అందరూ చాపల మీద కూర్చోకముందే వాదన మొదలైంది. బెల్లంపల్లి నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన ఊరి ఈతకల్లు ముందు తాటికల్లు పనికిరాదన్నాడు. "చలికాలం తెల్లారగట్ల మా ఈతకల్లు తాగకుండ సచ్చినోడు సగం బతికినట్టే," అన్నాడు. ఇంకొకాయన నిర్మల్ దగ్గర ఏదో మండువ పేరు చెప్పి, అక్కడ పల్లికాయ చట్నీతో తాగాలన్నాడు. పరశురాములు కరీంనగర్‌లో జిరాక్సు దుకాణం నడుపుతాడు. సన్నటి మనిషి, మెత్తటి మాట. చిన్న డైరీ తీసి అన్నీ రాసుకుంటున్నాడు. నా బాటనీ రికార్డు గుర్తుకొచ్చి ఆ మనిషి నాకు నచ్చాడు.

అప్పుడే యాదవ్వ వచ్చింది. ఎవరూ పిలవలేదు. వేపచెట్టు కింద, అందరికీ దూరంగా, గ్లాసు బోర్లించి ముందు పెట్టుకుని కూర్చుంది. ఆట చూడ్డానికి వచ్చినట్టుంది.

బాపు కాటమయ్యకు నాలుగు చుక్కలు వదిలి, మొదటి గుక్క తాగి, "కూసోండ్రి" అన్నాడు. నేను పెట్టిన వరుసలో ఒక్కో లొట్టి తిరిగింది. కరీంనగర్ వాళ్లు దర్గా తాడు దగ్గర ఆగిపోయారు. ఇంకో ఆకు, ఇంకో ఆకు అన్నారు. గంటసేపు గడిచాక పరశురాములు లేచి, సామ్యూల్‌ను వెంటబెట్టుకుని కారు వెనకకు పోయి, ఒక ఆకులో కల్లు తెచ్చాడు.

"కైలాసం అన్నా, గిది చెప్పాలె. తప్పైతే ఏం గాదు, ఆటనే."

ఏం గాదు అన్నది ఆయన ఒక్కడికే, మాకు కాదు. బాపు ఒక గుక్క తాగాడు. కళ్లు మూసుకున్నాడు. ఆకును నా చేతికి ఇచ్చాడు. అందరూ ఆయన మొహమే చూస్తున్నారు. నేను పక్కకు తిరిగి నోట్లో పోసుకున్నాను.

ముందు కాలువ తాడు తెలిసింది. ఆ చల్లదనం పొరబడేది కాదు. చూపుడువేలు చున్నీ మీదికి పోబోయింది. అంతలో కింద ఇంకోటి తగిలింది. సన్నటి ఉప్పదనం. దాని వెనక పొగ. అది వరిగడ్డి పొగ కాదు. పిడుగు కాదు, దర్గా కాదు, వంకర కాదు, జంట కాదు.

నా దగ్గర ఐదు వేళ్లే ఉన్నాయి. ఆరో దానికి మేము గుర్తు పెట్టుకోలేదు.

బాపు నా చేతి వైపు చూశాడు. నా చెయ్యి చున్నీ పక్కన ఊరికే వేలాడుతోంది. కాలువ తాడని ఒక్కటి చూపిస్తే సగం నిజం, సగం అబద్ధం. ఆయన కళ్లెత్తి నా మొహం చూశాడు. నేను చెప్పాల్సింది ఏదో ఉందని, అది వేలితో చెప్పేది కాదని ఆయనకు అర్థమైంది.

"నాకు తెల్వది," అన్నాడు బాపు.

పరశురాములు డైరీ మూశాడు. సారు, "జర నిమ్మళంగ చూడు కైలాసం..." అంటున్నాడు.

"ఎన్నిసార్లు చూసినా నాకు తెల్వది సార్. మాఘంల జ్వరమొచ్చినప్పటి సంది నాకు వాసన లేదు, రుచి లేదు. యాదవ్వ అత్త ఆ పొద్దు ఉమ్మింది నిజం. అది మడ్డి లొట్టి. మందు కాదు, నా ముక్కు తప్పు. దాని ఎన్కనుంచి గీ మండువల మీరు తాగిన ప్రతి ఆకు నా బిడ్డ చూసి పెట్టిందే." ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. ఎక్కి ఎక్కి చెట్టు బెరడులా అయిపోయిన చెయ్యి. "అది చెప్తది. చెప్పు బిడ్డా."

పద్నాలుగు మంది, మా ఊరి వాళ్లు ఇంకో పది మంది నా వైపు తిరిగారు. క్లాసులో లేచి నిలబడ్డట్టే ఉంది.

"రెండు చెట్లది కలిపిండ్రు," అన్నాను. గొంతు నాకే వినపడలేదు. మళ్లీ అన్నాను. "రెండు చెట్లది. ఒకటి మా కాలువ తాడు. రెండోది మాది కాదు."

"మీది కాదంటే?" అన్నాడు పరశురాములు.

"మా తాళ్లు కాలువ నీళ్లు తాగుతయి. గిదాంట్ల కింద ఉప్పు తగుల్తున్నది. రాళ్ల నేల చెట్టు. లొట్టి గూడ మాది కాదు. మేం వరిగడ్డి పొగ పెడ్తం. గిది..." నాలుక మీద మిగిలినదాన్ని ఇంకోసారి తిప్పుకున్నాను. "ఆకు పొగ. టేకాకు కావచ్చు."

సామ్యూల్ రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు.

"యేసయ్యా! పొగ గూడ పట్టిందా పోరి?" అని అరిచాడు. "తెల్లారగట్ల ఐదింటికి శ్రీరాంపూర్ల దించుకొని, ఐస్ డబ్బాల పెట్టుకొని తెచ్చిన సార్! మా గుట్ట పక్క చెట్టు. అక్కడ పెట్టేది టేకాకు పొగనే!"

"నువ్వు కండ్ల డాక్టరు దగ్గరికి పోయిన అన్నవు గద?" అన్నాడు సారు. అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వులో పరశురాములు నా దగ్గరికి వచ్చి, డైరీ తెరిచి, "రాళ్ల నేలకు ఉప్పు తగుల్తదన్నవు గద. అది ఇంకొక్కసారి చెప్పమ్మా, రాసుకుంట," అన్నాడు.

నేను చెప్పాను. అంత మందిలో అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడడం నాకు అదే మొదలు. మాట్లాడుతుండగా వేపచెట్టు కింద స్టీలు చప్పుడైంది. యాదవ్వ గ్లాసు తిప్పి పెట్టింది. బాపు లొట్టి తీసుకుని అటు అడుగు వేశాడు.

"నువ్వు కాదురా," అంది యాదవ్వ. "దాన్ని పొయ్యమను."

దర్గా తాడుది పోశాను. ఆమె తాగింది. ఏమీ అనలేదు. గ్లాసు మళ్లీ చాపింది.

సాయంత్రం ఇంట్లో అవ్వ బాపుతో మాట్లాడలేదు. మాడిన పప్పు సంగతి ఆమెకు అప్పటికి అర్థమైంది. అన్నం పెడుతూ మాత్రం, "ఉప్పు సరిపోయిందా అని నిన్ను అడిగేటి పీడ పోయింది," అంది. బాపు నవ్వాడు. ఈసారి అది మామూలు నవ్వే.

*

మర్నాడు పొద్దున మండువలో ఎప్పటికంటే ఎక్కువ మంది ఉన్నారు. సంగతి రాత్రికి రాత్రే ఫోన్లలో తిరిగింది. కాలువ అవతలికి పోయిన నలుగురు కూడా వచ్చారు. కొందరు తాగడానికి వచ్చారు, కొందరు ముక్కు లేని గీతకాణ్ణి చూడ్డానికి.

బాపు లొట్టులు దించాడు. కాటమయ్యకు నాలుగు చుక్కలు వదిలాడు. ఆకు మడిచాడు, కొంచెం పోశాడు. ముప్పై ఏళ్ల అలవాటులో ఆ ఆకు ఆయన నోటి దాకా పోయింది. అక్కడ ఆగింది. ఆయన తిరిగి, రెండు చేతులతో ఆ ఆకును నాకు ఇచ్చాడు.

ఇంతకు ముందు రుచి చూడడం చెట్ల చాటున, ఎవరూ లేనప్పుడు. ఇప్పుడు అందరి మధ్య. నేను తాగాను. కళ్లు మూసుకోలేదు, అది ఆయన పద్ధతి. కాలువ తాడు బాగుంది, తల ఊపాను. దర్గా తాడు బాగుంది.

మూడోది పిడుగు తాడుది. నిండు లొట్టి. దాని కోసమే సారు కింద కూర్చోకుండా నిలబడి ఉన్నాడు. ఒక గుక్క నోట్లో తిప్పాను. చెడిపోలేదు. మామూలు మనిషి తాగితే బాగుందనే అంటాడు. కానీ చివర్లో ఆ రేగుపండు పట్టు లేదు, దాని చోట సన్నగా పులుపు మొదలైంది. ఎండ ఎక్కేసరికి మొత్తం తిరిగిపోతుంది.

"గిది వద్దు," అన్నాను.

బాపు ఎందుకని అడగలేదు. ఇంకోసారి చూడమనలేదు. లొట్టిని రెండు చేతులా ఎత్తి, అందరూ చూస్తుండగా, కాలువ గట్టు మీద వంచాడు. తెల్లటి నురగ ఎండుగడ్డి మీదుగా నీళ్లలోకి పారింది.

"అయ్యో, జర ఆగు తమ్మీ! సగమన్న ఉంచు!" అన్నాడు సామ్యూల్.

"బిడ్డ వద్దన్నది," అన్నాడు బాపు.

ఖాళీ లొట్టిని పక్కన పెట్టి, జంట తాళ్ల లొట్టి తీసుకున్నాడు. శ్యాంసుందర్ సారు చాప మీద కూర్చున్నాడు. యాదవ్వ గ్లాసు ఒళ్లో పెట్టుకుని ఆగింది. బాపు నా ఆకులో పోశాడు.

నేను తాగాను. మండువంతా నా నోరు ఎప్పుడు తెరుచుకుంటుందా అని చూస్తూ ఉంది.

"కూసోండ్రి," అన్నాను.